కుళ్ళాయప్ప పాదాల కేసు

మా సంస్థ పూర్తి పేరును ఒక్క గుక్కలో చెప్పగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు మా డైరెక్టరు డాక్టర్ పరాంకుశంగారు. ఆ పేరు పెట్టింది ఆయనే. రెండోవాణ్ణి నేను, సూపరింటెండెంటు చెన్నకేశవులుని. రోజూ నలభై ఉత్తరాల తలమీద దాన్ని టైపు చేయించేది నేనే. అరుదైన మృత్తికా మూలకాల గుర్తింపు, వెలికితీత, పరిరక్షణ మరియు సమన్వయ ప్రాధికార సంస్థ. చెలిమలపల్లి జనం మాత్రం మట్టాఫీసు అంటారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆటోవాడికి దారి చెప్పాల్సి వస్తే నేనూ మట్టాఫీసనే అంటున్నాను.

ఆ ఏడాది దేశమంతటికీ అరుదైన మూలకాల పూనకం పట్టింది. సెల్‌ఫోను మోగాలన్నా, కరెంటు కారు కదలాలన్నా, గాలిమర తిరగాలన్నా లాంథనం, సీరియం, నియోడిమియం అనే నోరు తిరగని పదార్థాలు కావాలని, అవి మన కాళ్ళ కింది బంకమట్టిలోనే పడి ఉన్నాయని పత్రికలు రాశాయి. ఏ జిల్లాకు ఆ జిల్లా మా దగ్గరంటే మా దగ్గరని పోటీ పడింది. మా జిల్లాకూ ఒక జియాలజిస్టు వచ్చాడు. మే నెల, మిట్టమధ్యాహ్నం. చెలిమలపల్లి బయట కుమ్మర్లు తరతరాలుగా మట్టి తీసుకునే గుంత ఒకటుంది. ఆయన దాంట్లోకి దిగి గడ్డపారతో ఒక్క పోటు పొడిచాడు. గడ్డపార టంగుమని వెనక్కి వచ్చింది. గుంత పక్కనే కుమ్మరి కుళ్ళాయప్ప పాక. పాకలో చల్లటి నీడ, నీడలో కుమ్మరి సారె, సారె పక్కన కుండలు చేయడానికి మెత్తగా తొక్కి పెట్టుకున్న మట్టిముద్ద. కుళ్ళాయప్ప ఇచ్చిన మజ్జిగ తాగి, ఆ ముద్దలోంచి రెండు కిలోలు సంచిలో వేసుకుని, కాగితం మీద మాత్రం గుంత అక్షాంశ రేఖాంశాలు రాసుకుని ఆయన వెళ్ళిపోయాడు.

ఈ సంగతి అప్పట్లో మాకెవరికీ తెలియదు. కుళ్ళాయప్పను ఎవరూ అడగలేదు. అడగనిదే చెప్పే అలవాటు ఆయనకు లేదు.

ల్యాబు రిపోర్టు వచ్చింది. టన్ను మట్టికి కిలోన్నర అరుదైన మూలకాలు! రాజధానిలో స్వీట్లు పంచుకున్నారని విన్నాను. ఆరు నెలల్లో చెలిమలపల్లిలో మా సంస్థ, దాని వెనక ప్లాంటు, ప్లాంటు ముందు పరాంకుశంగారి గది, ఆ గదికి రెండు ఏసీలు వెలిశాయి.

ప్లాంటులో చేసే పని చాలా సులువు. మా ఆఫీసులో అందరికంటే ముందు నాకే అర్థమైంది. ఈ మూలకాలు బంకమట్టి రేణువుల్ని అంటిపెట్టుకుని ఉంటాయి. రైతులు పైరుకు వేసే అమ్మోనియం సల్ఫేటు ఎరువు ఉంది కదా, దాన్ని నీళ్ళలో కలిపి ఆ మట్టిలో పోస్తే ఎరువులోని అమ్మోనియం వెళ్ళి మూలకం కుర్చీలో కూర్చుంటుంది. మూలకం లేచి నీళ్ళలోకి వస్తుంది. బదిలీ అన్నమాట. పైనుంచి సిఫార్సుతో ఒకడు దిగాక అప్పటిదాకా ఆ సీట్లో ఉన్నవాడు సంచి సర్దుకోవాల్సిందే. ఆ నీళ్ళను వడగట్టి ఒక ఆమ్లం కలిపితే తెల్లటి పొడి అడుక్కు దిగుతుంది. సంపదంటే అదే. మిగిలిన మట్టి ఉప్పు పట్టిపోయి ఎందుకూ కొరగాదు. దాంతో కుండ చేస్తే కాల్చే ఆవంలోనే పగిలిపోతుంది.

ప్లాంటు మొదలుపెట్టకముందే ఉత్తర్వు మొదలుపెట్టాం. "ఇందుమూలముగా సమస్త ప్రజానీకమునకు తెలియజేయునదేమనగా, చెలిమలపల్లి పరిధిలోని బంకమట్టి జాతీయ వ్యూహాత్మక సంపద అయినందున, సదరు మట్టిని తడి రూపంలో గాని, పొడి రూపంలో గాని, కాల్చిన రూపంలో గాని పరిధి దాటించరాదు." ముసాయిదాలో తడి, పొడి మాత్రమే ఉన్నాయి. 'కాల్చిన' అనేది నేను చేర్చాను. ఏదో లోటుగా అనిపించింది. ఆ ఒక్క మాటకు పరాంకుశంగారు నా భుజం తట్టారు కూడా.

మర్నాడే ఊరి పొలిమేరలో మేం పెట్టిన గేటు దగ్గర కుళ్ళాయప్ప ఆటోట్రాలీని ఆపేశారు. ఆయన, భార్య వన్నూరమ్మ ఇద్దరూ ఆఫీసుకొచ్చారు. కుళ్ళాయప్పకు యాభై ఎనిమిదేళ్ళుంటాయి. సన్నటి మనిషి. మోకాళ్ళ కింద చర్మం మట్టి రంగులోకి తిరిగిపోయింది, ఎంత కడిగినా ఆ రంగు పోదు.

"ఏం సార్, నా కడవలు గేటు కాడ నిలబెట్టేసినారంట?"

"నిలబెట్టలేదు. రవాణాను తాత్కాలికంగా నిలుపుదల చేశాం," అన్నారు పరాంకుశంగారు. "మొత్తం ఎన్ని యూనిట్లు?"

"యూనిట్లు యాడివి సార్, కడవలు. అరవై కడవలు, ఇరవై మూకుళ్ళు."

"అంటే దాదాపు మూడు వందల కిలోల వ్యూహాత్మక ఖనిజం, కాల్చిన రూపంలో."

"మట్టి సార్ అది! మా తాత తీసినాడు, మా నాయన తీసినాడు, నేను తీస్తాండా. గుంత ఇంకా అట్లనే ఉండాది."

"మూడు తరాలుగా అనుమతి లేని తవ్వకం జరుగుతున్నట్టు వారే ఒప్పుకుంటున్నారు. చెన్నకేశవులూ, నోట్ చేసుకోండి."

నోట్ చేసుకున్నాను. వన్నూరమ్మ ముందుకొచ్చింది. "ఎండలు ముదిరేలోపల రెండు ఆవాలు దించకపోతే ఈ యేడు మాకు యేడే లేదు సార్. వానాకాలంలో కడవలెవరు కొంటారు?"

"వర్షాకాలంలోనైనా చేయరాదమ్మా. ఉత్తర్వులో రుతుభేదం లేదు."

"మా మట్టి మాకు ఇయ్యరా?"

"ఇస్తాం. మూలకాలు తీసేసిన తరవాత మిగిలిన మట్టి మీదే."

"అది పగిలిపోతాది గదా సార్," అన్నాడు కుళ్ళాయప్ప.

"పగిలిన మట్టి కూడా మీదే."

కుళ్ళాయప్పకు అంత సులభంగా కోపం రాదు. ఆ రోజు వచ్చింది. "అది యాడికి పోతాదని సార్ మీ భయం? మట్టికేమన్నా కాళ్ళుండాయా?"

పరాంకుశంగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. కిటికీలోంచి బయటికి చూశారు. ఊరి దారిన పదిమంది పోతున్నారు, వాళ్ళ పాదాలకు మట్టి. "కాళ్ళు," అన్నారు మెల్లగా. "ఈ కోణం మనకు తట్టనే లేదు. చెన్నకేశవులూ, పాదాల ద్వారా ఖనిజ రవాణా. ఫైలు తెరవండి."

అట్లా గేటు దగ్గర నీళ్ళ తొట్టి వచ్చింది. ఊళ్ళోంచి బయటికి పోయే ప్రతి మనిషీ పాదాలు కడుక్కుని పోవాలి. కడిగిన నీళ్ళు వృథా కాకుండా పీపాల్లో పట్టి ప్లాంటుకు పంపుతాం. మనుషుల తరవాత మోటారుసైకిళ్ళ టైర్లు, టైర్ల తరవాత గేదెల గిట్టలు. బయటి బీడుకు పోయే గేదె ఒక్కొక్క కాలూ ఎత్తి కడిగించుకోవాల్సి వచ్చేది. ఎత్తమంటే ఎత్తని గేదెల్ని వెనక్కి పంపేవాళ్ళం. బడిపంతులు రోజూ పక్క ఊరినుంచి వచ్చిపోయేవాడు, పాపం ఆయన చెప్పులు చంకలో పెట్టుకుని నడవడం నేర్చుకున్నాడు. ఇంతలో నెలలు నిండుతున్న ఒకావిడ గోడ పెళ్ళ గిల్లి నోట్లో వేసుకుంటుంటే మా తనిఖీ బృందం కంటబడింది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు మట్టిమీద మనసు పోవడం మామూలే. రికార్డులో మాత్రం 'నోటిద్వారా తవ్వకం' అని రాయాల్సి వచ్చింది. ఆమె కాన్పుకు పుట్టింటికి బయలుదేరితే ఖనిజం పరిధి దాటినట్టా కాదా అని పైకి రాశాం. జవాబు వచ్చేలోపల ఆమె ఇక్కడే ప్రసవించింది. ఆడపిల్ల. సమస్య తీరిందని పరాంకుశంగారు ఊపిరి పీల్చుకున్నారు.

కుళ్ళాయప్ప రోజూ మా ఆఫీసుకొచ్చి వరండాలో కూర్చునేవాడు. అర్జీ ఒక్కటే: ఒక్క ఆవానికి సరిపడా మట్టి. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళతో లేని ముద్దను నలుపుతూ ఉండేవాడు. "చేతులు ఊరికే ఉంటే కొరుకుతాండాయి సార్," అన్నాడు ఒకసారి నాతో. నా బల్లమీద ఆయన అర్జీలు పదకొండు ఉన్నాయి. పదకొండింటి మీదా 'పరిశీలనలో ఉన్నది' అని రాసింది నేనే.

ఇక ప్లాంటు సంగతి. వేసవి నడిమధ్యలో గుంతలోంచి వంద టన్నులు తవ్వి తొట్లలో పోసి, ఎరువు నీళ్ళు కలిపి, పత్రికలవాళ్ళను పిలిచి, మీట నొక్కాం. వారం రోజులకు పొడి దిగింది. తూచారు. టన్నుకు కిలోన్నర రావలసింది, ముప్పాతిక వంతు పైగా తక్కువొచ్చింది. మళ్ళీ చేశారు. అంతే వచ్చింది. ఎరువు రెట్టింపు పోశారు. గట్టుమీద గరిక ఏపుగా పెరిగింది తప్ప పొడి పెరగలేదు.

రాజధాని నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒక ఫోను తరవాత పరాంకుశంగారు గదిలోంచి బయటికొచ్చి, పాత శాఖ నుంచి ఆయన కింద పనిచేస్తున్న తొమ్మిదేళ్ళలో మొదటిసారి నన్ను 'గారు' అని పిలిచారు. పరిస్థితి ఎంత ప్రమాదకరంగా ఉందో నాకప్పుడు తెలిసింది.

మా ప్లాంటు కెమిస్టు ముంతాజ్. ఇరవై ఏడేళ్ళ అమ్మాయి, ఆ సంస్థ మొత్తంలో పని తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. నేరుగా కుళ్ళాయప్ప పాకకు వెళ్ళి, మూల ఎండిపోయి ఉన్న పాత మట్టిముద్ద తెచ్చి పరీక్ష చేసింది. టన్నుకు కిలోన్నర! కుళ్ళాయప్పను అడిగింది. అడిగారు కాబట్టి ఆయన చెప్పాడు. జియాలజిస్టు, గడ్డపార, మజ్జిగ, అంతా.

అసలు విషయం ఏమిటంటే, కుళ్ళాయప్ప గుంత మట్టిని తెచ్చి అట్లాగే వాడడు. నీళ్ళలో నానబెట్టి, కలిపి, రాయీ ఇసకా అడుక్కు దిగాక పైన తేరిన మెత్తటి బురదను ఇంకో గుంటలోకి వంచుతాడు. అట్లా మూడు రోజులు. ఆ తరవాత తొక్కుతాడు, తొక్కేటప్పుడు కాలికి తగిలిన చిన్న రాయినల్లా ఏరేస్తాడు. మూలకాలు ఉండేది మెత్తటి మట్టిలోనే కాబట్టి, ఆయన ముద్దలో అవి అంత ఎక్కువ. అంతకు మించి మర్మమేమీ లేదు. ముంతాజ్ ఇదంతా ఒక పేజీలో రాసి, రెండు తొట్లు, ఒక జల్లెడ కావాలని అడిగింది.

దానికి బదులు కమిటీ వచ్చింది. ముగ్గురు సభ్యులు. వాళ్ళకు కార్యక్రమంలో కేటాయించిన సమయం ఒక గంట. మూడు రోజుల పని గంటలో చూపించలేడు కాబట్టి కుళ్ళాయప్ప చివరి గంట పని చూపించాడు. తొక్కాడు.

"తొక్కకముందు శాతం ఎంత?" అన్నారు అధ్యక్షులు. గుంతలోని ముడి మట్టి లెక్క చెప్పాం. "తొక్కిన తరవాత?" చెప్పాం. "తేడా దేనివల్ల?"

ముంతాజ్ లేచింది. "సర్, తేడా తేర్చడంవల్ల. కాళ్ళవల్ల కాదు."

"అభిప్రాయం నమోదు చేయబడింది, కూర్చోండమ్మా."

నివేదిక ఇట్లా వచ్చింది: "సదరు మృత్తిక, శ్రీ కుళ్ళాయప్ప యొక్క పాదములతో సంపర్కము పొందిన పిమ్మటనే నిర్దేశిత ప్రమాణమును చేరుచున్నట్లు నిర్ధారణ అయినది. కావున సదరు పాదముల విషయమై తక్షణ చర్య అవసరము."

తక్షణ చర్యగా ముందు ఎనిమిది మంది ఇంజనీర్లకు తొక్కుడు శిక్షణ ఇచ్చాం. మొదటి రోజు భద్రతా నియమాల ప్రకారం గంబూట్లతో తొక్కారు. ఫలితం రాలేదు. రెండో రోజు ప్రత్యేక అనుమతితో బూట్లు విప్పారు. మట్టిలో రాయి గుచ్చుకుని ఇద్దరు సెలవు పెట్టారు. మిగిలిన ఆరుగురూ కుళ్ళాయప్ప అడుగుల వేగం, బరువు, మడిమ వాలు కొలిచి, పటాలు గీసి, అచ్చం అట్లాగే తొక్కారు. గుంతలోంచి వచ్చిన ముడి మట్టిని తొక్కారు, అందుకని ముడి మట్టే మిగిలింది.

"వాళ్ళు కడగలా, తేర్చలా," అన్నాడు గట్టుమీద కూర్చున్న కుళ్ళాయప్ప. "ఊరికే ఎగురుతాండారు."

"ఆయన చెప్పేది వినండి సర్," అంది ముంతాజ్.

"ఆయనకు చెప్పే అర్హత ఏముంది?" అన్నారు పరాంకుశంగారు. అది మాత్రం నిజం. కుళ్ళాయప్ప చదివింది అయిదో తరగతి. తొక్కుడు ఉద్యోగానికి మా నిబంధనల్లో ఉన్న కనీస అర్హత కెమికల్ ఇంజనీరింగులో పట్టా. అందువల్ల కుళ్ళాయప్పను నియమించడానికి వీల్లేదు. పాదాలు లేనిదే పొడి రాదు. పరాంకుశంగారు రెండు రోజులు ఏసీ గదిలో ఆలోచించి తేల్చారు. మనిషిని తీసుకోవడానికి అర్హతలు కావాలి. పాదాలకు అక్కర్లేదు.

గెజిట్ వెలువడింది. కుళ్ళాయప్ప రెండు పాదాలూ సంస్థ ఆస్తి. స్టాకు రిజిస్టరులో సెంట్రిఫ్యూజ్ కింద, స్టెప్లర్ల పైన రాసుకున్నాం: పాదము, మానవ, కుడి, ఒకటి. పాదము, మానవ, ఎడమ, ఒకటి. స్థితి: వాడుకలో ఉన్నది. ప్రతి ఆస్తికీ నెంబరు వేయాలి కాబట్టి స్టోర్సు గుమాస్తా చిన్న బ్రష్షు, తెల్ల పెయింటు పట్టుకొచ్చాడు. కుళ్ళాయప్ప చక్కిలిగింతకు నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

కాగితాలు అందుకున్నప్పుడు ఆయన ఒక్కటే అడిగాడు. "పొద్దంతా మీకు తొక్కుతా సార్. సాయంత్రం పోయేటప్పుడు ఒక ముద్ద ఎత్తుకపోతా. ఒక్కటంటే ఒక్కటి."

"ఆస్తి తయారుచేసిన ఆస్తిని ఆస్తి తీసుకుపోవడం సాధ్యంకాదు," అన్నారు పరాంకుశంగారు. ఆ వాక్యాన్ని నేను ఇప్పటికీ అప్పుడప్పుడు మననం చేసుకుంటాను.

కుళ్ళాయప్ప మొదలుపెట్టాక నిజంగానే పొడి వచ్చింది. ఆయన తొట్ల పక్కన నానబెట్టాడు, తేర్చాడు, వంచాడు. మాకు అవేవీ కనబడలేదు. కొలతబద్ద పెట్టి పాదాలనే చూస్తున్నాం. టన్నుకు కిలోన్నర! రాజధానిలో మళ్ళీ స్వీట్లు. ముంతాజ్ జల్లెడ అడుగుతూ మూడో ఉత్తరం రాసింది.

మధ్యాహ్నం భోజనం తెచ్చే వన్నూరమ్మ ఒకరోజు నా బల్లముందు నిలబడింది. "మా ఆయన బువ్వ తినేటప్పుడు చూసినారా సార్? సంగటి ముద్దను కడవ మూతి మాదిరి ఒత్తుతాండాడు. తినడంల్యా. ఆ మనిషికి జరం ఏమీ లేదు, చేతులకి పనిలేకనే పోతాడు." పరిశీలనలో ఉందమ్మా అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నామీద నాకే అసహ్యం వేసింది.

ఆ శుక్రవారం కుళ్ళాయప్ప రాలేదు.

గేటు వాచ్‌మన్ను పిలిపించాం. "నిన్న సాయంత్రం పోయినాడు సార్, గుమ్మనచెరువుకు. ఆయప్ప బామ్మర్ది ఊరు."

"పోనిచ్చావా?" అన్నారు పరాంకుశంగారు.

"నియమం ప్రకారమే సార్! తొట్లో నిలబెట్టి పాదాలు రెండుతూర్లు కడిగి పంపినా. మట్టి ఒక్క రేణువు పోలేదు."

మట్టి రేణువు పోలేదు, పాదాలే పోయాయి. ప్లాంటు ఆగింది. పరాంకుశంగారు గుమ్మనచెరువు పోలీస్ స్టేషనుకు ఫిర్యాదు చెప్పి రాయించారు. తు.చ. తప్పకుండా టైపు చేయించాను. ఫిర్యాది: మా సంస్థ, పూర్తి పేరుతో. ముద్దాయి: కుమ్మరి కుళ్ళాయప్ప. చోరీ అయిన సొత్తు: పాదాలు, రెండు. సొత్తు గుర్తులు: తెల్ల పెయింటుతో వేసిన నెంబర్లు, కుడి బొటనవేలికి గోరు లేదు. సొత్తు చివరిసారి కనిపించిన చోటు: ముద్దాయి కాళ్ళ చివర.

గుమ్మనచెరువు ఎస్సై బాలనరసింహులు చట్టాన్ని అక్షరాలా పాటించే మనిషి. గంటలో ముద్దాయిని పట్టుకున్నాడు, సొత్తు సహా. ముద్దాయి చెరువుగట్టున మట్టి తవ్వుతున్నాడట. సాయంత్రానికి కుళ్ళాయప్పకు బెయిలు కూడా వచ్చింది.

"నువ్వు పోవచ్చు," అన్నాడట ఎస్సై. కుళ్ళాయప్ప లేచాడు. "ఆగాగు. బెయిలు నీకు ఇచ్చినారు. సొత్తుకు ఇవ్వలేదు. కేసు తేలేదాకా సొత్తు స్టేషన్లోనే ఉండాల."

కుళ్ళాయప్ప కిందికి చూసుకున్నాడు. మళ్ళీ కూర్చున్నాడు.

మాకు సొత్తు కావాలని కోర్టులో అడిగాం. స్టాకు రిజిస్టరు పేజీ చూపించాం. పాదాలు తనవేనని కుళ్ళాయప్ప కూడా చెప్పాడు, కానీ ఆయన దగ్గర రిజిస్టరు లేదు. ఇద్దరు సొంతదారులు ఉన్నప్పుడు తీర్పు వచ్చేవరకు సొత్తు పోలీసుల దగ్గరే భద్రంగా ఉండాలని జడ్జిగారు రాశారు. ప్లాంటు అట్లాగే ఆగి ఉంది. నెలన్నర గడిచాక పరాంకుశంగారికి ఒక్కటే దారి కనిపించింది. కేసే ఉపసంహరించుకుంటే సొత్తు విడుదలవుతుంది, విడుదలైన మరుక్షణం జీపులో వేసుకుని రావచ్చు. ఉపసంహరణ ఫైలు నా చేతికిచ్చి, ఎస్సైతో మాట్లాడి రమ్మన్నారు.

గుమ్మనచెరువు స్టేషను ఊరి చివర, చెరువు పక్కన. నేను జీపు దిగేసరికి వరండా నిండా కడవలు. వరస వరసలుగా బోర్లించిన కడవలు, ఎండుతున్న మూకుళ్ళు, దుత్తలు. మధ్యలో సారె. సారె ముందు కుళ్ళాయప్ప. కర్రతో సారెను ఒక్క తోపు తోసి, ముద్దమీద రెండు చేతులూ ఆనించగానే మట్టి లేచి నిలబడుతోంది. ఆ చేతులు పని చేస్తుండగా నేను చూడటం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ మేమంతా ఆయన పాదాలు కొలుస్తూ కూర్చున్నాం.

పక్కన హెడ్ కానిస్టేబుల్ జయరాముడు ప్యాంటు మడిచి మట్టి తొక్కుతున్నాడు.

"మడిమతో కాదు సార్, ఏళ్ళతో. రాయి తగిలితే నిలిచిపోవాల," అంటున్నాడు కుళ్ళాయప్ప. "ఆ, అట్ల."

"ఇదేమిటండీ?" అన్నాను ఎస్సైతో.

"సొత్తును వాడకూడదు, సాక్ష్యం చెరిగిపోతాది. అందుకని మా హెడ్డు తొక్కుతాండాడు. చేతుల మీద కేసేమీ లేదు. ఈ చెరువు మట్టి మీద మీ ఉత్తర్వు లేదు." బాలనరసింహులు కొత్త కడవలోంచి చెంబుడు నీళ్ళు ముంచి ఇచ్చాడు. "మూడో ఆవం నిన్ననే దించినారు. సంతకు పోయొచ్చింది వాళ్ళావిడ."

నీళ్ళు చల్లగా ఉన్నాయి. అంత చల్లటి నీళ్ళు మా ఆఫీసులో రెండు ఏసీల మధ్య కూడా తాగలేదు. కుళ్ళాయప్ప మొహం చూశాను. కాస్త ఒళ్ళుచేశాడు. ఆయన వెనక గోడవారగా ఒక దిండు, దాని పక్కన సద్దిగిన్నె. వేళ్ళు నిమిషం ఆగడంలేదు.

ఆయన చూపు నా చంకలోని ఫైలుమీద పడింది. సారె తిరుగుతూనే ఉంది, చేతులు మాత్రం ఆగాయి.

"ఏం ఫైలు సార్ అది?"

"నీ కేసే కుళ్ళాయప్పా. వెనక్కి తీసుకుంటున్నారు. నువ్వింక..." స్వేచ్ఛగా అనబోయి ఆగిపోయాను.

కుళ్ళాయప్ప లేచి నా దగ్గరకొచ్చాడు. చేతులనిండా తడిమట్టి. నా చేతులు పట్టుకోబోయి, మట్టి అంటుతుందని వెనక్కి తీసుకున్నాడు. "సార్, మీకు పుణ్యముంటాది. కేసు కొట్టేయొద్దు సార్. ఏం తప్పు చేసినానని రాస్తే దానికి ఒప్పుకుంటా. ఈ కేసు ఉండనీయండి."

వరండా అంచున కడవలకు వేపమండలు కప్పుతున్న వన్నూరమ్మ పని ఆపి నావైపు చూసింది. అంతకుముందు ఆమె అడిగినదానికి నేను ఏం చెప్పానో ఆమెకూ గుర్తుంది, నాకూ గుర్తుంది.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను ఏ మనిషికీ మట్టిపెళ్ళంత మేలు చేయలేదు. అట్లాగని చేయడం రాని పనేమీ కాదు. మా శాఖలో ఒక ఫైలును ఆపాలంటే కాదనక్కర్లేదు. కాదంటే పైవాళ్ళు తిరగరాస్తారు. సందేహం అడగాలి. ఆ సందేహం ఒక్క శాఖకు సంబంధించినది కాకూడదు.

ఎస్సై బల్లమీద ఫైలు తెరిచి, కలం తీసి, నా అందమైన గుండ్రటి దస్తూరీలో రాశాను:

"ఉపసంహరణ ప్రతిపాదన పరిశీలించడమైనది. అయితే 'పాదము' అనగా ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో దస్త్రములో ఎక్కడా పేర్కొనబడలేదు. చీలమండ పాదములో అంతర్భాగమా లేక కాలిలో అంతర్భాగమా? ఈ విషయమై వైద్య, న్యాయ, గనుల శాఖల ఏకాభిప్రాయమును లిఖితపూర్వకముగా పొంది, తిరిగి సమర్పించవలెను."

ఆ మూడు శాఖలు ఒక మాటమీదికి రావడం నా సర్వీసులో నేను చూడలేదు. సంతకం పెట్టి, తేదీ వేశాను. నేను రాసినవాటిలో ఒక మనిషికి పనికొచ్చిన వాక్యం అదొక్కటే.